తొమ్మిది వందల మెరుపులు

అన్యాయం ఎవరికి జరిగింది? ప్రయోగశాల సహాయకురాలికి. నాడీకణాల కూడలిలోకి కాల్షియం ఒక్కసారిగా పోటెత్తితే జ్ఞాపకాన్ని నిలిపే ఆ బంధం బలపడుతుందనీ, సెకనుకొకసారి కొద్దికొద్దిగా తొమ్మిది వందల సార్లు చేరితే చెరిగిపోతుందనీ ముప్ఫై ఏళ్ల కిందట కనుగొన్నది ఆమె. ఆ సంగతి వివరించిన పుస్తకం మీద తన పేరొక్కటే వేసుకున్నాడు ప్రొఫెసర్. ఆ దిగులుతోనే ఆమె కన్నుమూసింది.

ఒక రాత్రి ప్రొఫెసర్ ఒంటరిగా మైక్రోస్కోపు ముందు కూర్చున్నాడు. గాజుపళ్లెంలో ఎలుక మెదడు ముక్క ఉంది. కాల్షియం చేరినచోట ఆకుపచ్చగా మెరిసే రంగు దానికి పట్టించాడు. కరెంటు తీగ ఇంకా తగిలించనేలేదు. అయినా అది మెరిసింది, సెకనుకొకసారి. ప్రతి మెరుపుకూ పక్క బల్లమీద పెన్సిల్ తట్టిన చప్పుడు. ఆమె అలాగే లెక్కపెట్టేది.

లేవబోయాడు; చూపు ఆ మెరుపును వదిలి రాలేదు. మూడు వందలు దాటేసరికి ఇంటి దారి మరుపున పడింది. ఆరు వందలకు భార్య ముఖం చెదిరిపోయింది. చెరుగుతున్నది ఎక్కడి బంధాలో అప్పుడర్థమైంది.

"ఆపు తల్లీ, నీ కాళ్లు పట్టుకుంటాను!"

చప్పుడు ఆగలేదు, తొందరపడనూ లేదు. తొమ్మిది వందల దగ్గర తనంతట తానే ఆగింది.

కొత్తగా చేరిన వాచ్‌మన్ తలుపు తోసుకొచ్చి రిజిస్టరు చాపాడు. "ఇంకా ఇంటికెళ్లలేదా సార్? అమ్మగారు గెంటేశారా ఏంటి? పేరు రాయండి, తాళం వేసుకోవాలి."

ప్రొఫెసర్ కలం పట్టుకున్నాడు. ఎంత వెతికినా లోపల ఒక్క పేరే మిగిలింది. ఆనాడు పుస్తకం మీద రాయవలసిన ఆ పేరును ఇంటిపేరుతో సహా, పొల్లు పోకుండా రాశాడు.

"ఇదేంటి సార్, ఆడవాళ్ల పేరు?"

పక్క బల్లమీద ఎవరో పెన్సిల్‌ను నెమ్మదిగా కింద పెట్టారు.