పైపు వెనకాల

“ఆరు నెలలకోసారి ఆకాశం మొత్తం సూసేత్తాది నాన్నా, ఈ ఇన్‌ఫ్రారెడ్ టెలిస్కోపు. అంతరిక్షంలోంచే వేడిని పట్టేత్తాది,” అంటూ హిమబిందు లాప్‌టాప్‌ను తండ్రి ముందు పెట్టింది. తెర మీది ఆ ఆకాశపటం కోసం ఆమె రెండేళ్లు పనిచేసింది.

అప్పలసూరి కళ్లజోడు సర్దుకున్నాడు. గాజువాకలో ఒక ఫౌండ్రీలో ఆయన చేసిందీ ఇంచుమించు అదే. కొలిమి గోడలకి థర్మల్ కెమెరా పట్టి, ఎర్రగా కనబడిన చోటల్లా సుద్దగీత గీసేవాడు. గీత ఉన్నచోట ఎవరూ నిలబడరు.

పటం నడుమ ఎర్రగా సాగిన పాలపుంత మీద వేలు పెట్టాడు.

“ఇక్కడ గోడ పల్సబడిపోనాదమ్మా. మనుసుల్ని తప్పించాల.”

ఆమె పకపకా నవ్వింది. “అయి నక్షత్రాలు నాన్నా.”

“పైపు ఎనకాల కూడా సూసిందేటి?”

“ఆకాశంలో పైపులేటి నాన్నా? ఒక్క సోటు కూడా వదల్లేదు.”

“నానూ అలాగే రాసి సంతకం ఎట్టీసినాను.”

హిమబిందు నవ్వు ఆగిపోయింది.

నాలుగేళ్ల కిందట కొలిమి పగిలింది, కెమెరాకి అందని ఆ పైపు వెనకాలే. సుద్దగీత లేదు కదా అని, అదే ఫౌండ్రీలో పనిచేసే ఆమె అన్నయ్య ఆ పూట క్యారేజీ విప్పుకుని కూర్చున్నదీ అక్కడే.