గుమ్మడికాయ పెళ్ళి

నానమ్మ శ్యామలాంబ చేటలో బియ్యం ఏరుతోంది. ఎదురుగా పీట మీద గుమ్మడికాయ పెళ్ళికూతురై కూర్చుంది.

వచ్చే గురువారం అక్క పెళ్ళి. స్టూడియోవాళ్ళు వద్దు, ఫోటోలన్నీ నేనే తీస్తానని నాన్నని ఒప్పించింది దుర్గాశ్రీ. కెమెరా వచ్చి వారమే అయింది, అందుకే గుమ్మడికాయతో ఈ సాధన.

"తాళి కట్టు నాన్నా! నానమ్మా, గట్టిమేళం!"

నాన్న పసుపుతాడుతో వంగాడు. నానమ్మ గరిటెతో పళ్ళెం దడదడలాడించింది. అంతే, దుర్గాశ్రీ కెమెరా వదిలేసి, చేటలోంచి గుప్పెడు బియ్యం తీసి వధూవరుల నెత్తిన చల్లేసింది.

"నాలుగోసారి!" నాన్న తల దులుపుకున్నాడు. "ఫోటో ఏదమ్మా?"

ఫోటోలో దుర్గాశ్రీ కాలి బొటనవేలు పడింది.

"మేళం వింటే నీ చెయ్యి ఆగదే! ఇంట్లో గింజ మిగల్చవా?" అంది నానమ్మ.

ఐదోసారి దుర్గాశ్రీ పళ్ళు బిగబట్టి మీట నొక్కింది. మూడో ముడితో సహా ఫోటో అద్దంలా వచ్చింది.

"వచ్చేసిందిగా! మరి ఆ ఏడుపేంటే?"

"ఊరంతా అక్కకి అక్షింతలు వేస్తారు నానమ్మా, నేను తప్ప."

నానమ్మ గరిటె ఆగిపోయింది.

నాన్న చొక్కా తగిలించుకుని, నెత్తిన బియ్యంతోనే స్టూడియో వైపు నడిచాడు.