పాపాయి నవ్వు

మలేషియాలోని మాబుల్ దీవి రిసార్టులో, చెక్కవంతెన మీద నిలబడి గట్టిగా తుమ్మగానే ముసలి పాపాయి కట్టుడు పళ్ళు సముద్రంలో పడిపోయాయి.

అడుగు బురదలో వింత జీవాలను వెతికే డైవర్లకు అవి మర్నాడు కనిపించాయి. కానీ అప్పటికే వాటిలో ఓ చేప గుడ్లు పెట్టేసింది. పిల్లలయ్యేదాకా ముట్టుకోకూడదన్నారు.

"సేపకి ఇల్లంట, నీకు గంజంట! ఇదేటి నాయం లా?" అని కూతురు షర్మిల తన మలేషియా తెలుగులో మండిపడింది.

సాయంత్రం ఒక డైవరు ఫోటో చూపించాడు. రెండు పళ్ళ వరసల మధ్య నుంచి చేప తొంగిచూస్తోంది. మరికొందరు కెమెరాలతో నీళ్ళలోకి దిగుతున్నారు.

"ఇపో ఊళ్ళో మన ఇంటికి ఎల్లగానే కొత్తవి సేయిద్దాంలే అమ్మా," అంది షర్మిల.

"ఇవి ఈడే ఉండనీయే. పెళ్ళి పోటోలో ఎత్తుపళ్ళు కనపడకుండా నోరు మూసుకోమన్నారు నన్ను. ఇప్పుడు సూడు, నా నవ్వు కోసం ఎంతమంది మునుగుతున్నారో!"

పాపాయి బోసినోటితో పకపకా నవ్వింది.