డ్రమ్స్ తీసేస్తే

అన్న రెండో గుద్దుకి తమ్ముడి ముక్కు పగిలి, రక్తం మిక్సింగ్ బోర్డు మీద చిందింది.

"నా గిటారు గొంతు నొక్కేశావు కదరా! పాటంతా నీ డ్రమ్స్ మోతే!"

తమ్ముడు చెయ్యెత్తలేదు. అరచేత్తో ముక్కు అదుముకుని నిలబడ్డాడు. అది చూసి అన్నకి ఇంకా ఒళ్లు మండింది. జుట్టు పట్టుకుని తల గోడకేసి కొట్టాడు.

"ఆపండయ్యా బాబూ!" పాట మిక్సింగ్ చేసే ఆవిడ కుర్చీలోంచి లేచి అరిచింది. "డ్రమ్స్ తగ్గించడమేగా? అసలు తీసేసి వినిపిస్తా, ఉండండి."

అంతసేపూ దెబ్బలు తిన్నవాడు ఒక్కసారిగా ఆవిడ చేతి మీదికి దూకాడు. "వద్దక్కా! తీయొద్దు!"

అన్న వాణ్ణి నేలకేసి నొక్కి, వీపు మీద మోకాలు పెట్టాడు. "తియ్యండి. నా గిటారేంటో వీడు వినాలి."

గిటారు ఒక్కటే మోగింది. పల్లవిలో ఒకచోట వేలు జారింది. చరణంలో ఇంకోచోట. చివర్లో అయితే వేళ్లు పూర్తిగా తడబడ్డాయి.

ఆవిడ డ్రమ్స్ మళ్లీ కలిపింది. తప్పిన ప్రతిచోటా పిడుగులాంటి దెబ్బ ఒకటి పడి, ఆ తప్పుని మింగేసింది.

అన్న మోకాలు తీశాడు. వేళ్ల వణుకు తనొక్కడికే తెలుసని, పాటలోకి రాలేదని ఇన్నాళ్లూ అనుకున్నాడు.

"ఎప్పట్నుంచి తెలుసురా నీకు?"

"ఏడాదైంది." తమ్ముడు నోట్లోని రక్తం ఉమ్మాడు. "నన్ను కొట్టేటప్పుడు మాత్రం నీ చెయ్యి వణకదన్నయ్యా."