ఉప్పుటేటి ఒడ్డున పడవ

"రోళ్ళు పగిలే ఎండండీ ఇది! మీ బుర్ర పగలదనుకున్నారా? లేవండి ఇంటికి!"

సఫూరా గొడుగు పట్టుకుని ఉప్పుటేటి ఒడ్డున నిలబడింది. మిర్చి యార్డులో గుమాస్తాగా రిటైరైన ఆమె భర్త మస్తాన్, ముచ్చటపడి కొన్న చిన్న తెరచాప పడవ చెక్కల సందుల్లో తారులో ముంచిన పత్తి కూరుతున్నాడు. ఈ మనిషి ఏ రోజు ఒంటరిగా సముద్రంలోకి పోతాడోనని వేసవంతా ఆమె కంటిమీద కునుకు లేదు.

"ఇది విను," అంటూ అతను పక్కనున్న పుస్తకం తీశాడు. "వెయ్యేళ్ళ కిందటి చైనా కవి. కొలువు మానేసి పడవెక్కి పోతానంటున్నాడు."

"కవి సంగతి సరే. మొన్న కూరిన పత్తి అప్పుడే ఊడిందేం?"

"ఒడ్డునుంటే చెక్క ఎండి సందులు విచ్చుకుంటాయి. నీళ్ళలో ఉంటే ఉబ్బి అవే మూసుకుంటాయి."

"మరి నీళ్ళలోకి తొయ్యరేం?"

మస్తాన్ ఊరికే పేజీలు తిప్పాడు.

సఫూరా గొంతు తగ్గించింది. "ఇంతకీ ఆ కవి పోయాడా?"

"ఎక్కడ! ముసలాడయ్యేదాకా కొలువులోనే ఉన్నాడు. పడవ మీద పద్యాలు మాత్రం రాస్తూనే ఉన్నాడు." తారు చేతులు చూసుకున్నాడు. "నాకు ఈత రాదు సఫూరా."

ఆమెకు నవ్వొచ్చి, సగంలో ఆగిపోయింది. వేసవంతా తనొక్కతే భయపడుతున్నాననుకుంది.

గొడుగు మడిచి ఇసుకలో గుచ్చింది. కుచ్చిళ్ళు పైకి దోపుకుని పడవ వెనక్కి నడిచింది.

"మోకాలి లోతుకే. నేనూ ఎక్కుతా."

"లోపలికి నీళ్ళొస్తాయే!"

"చెంబుతో తోడతాలెండి. ముందు మీరు అటు పట్టండి."