దానమ్మ పలకని పేరు

ఎండుచేపలు తిరగేస్తున్న దానమ్మను, ఆ వచ్చిన మనిషి మొగుడి పేరు అడిగాడు.

దానమ్మ చేతిలో బుట్ట కింద పెట్టి లేచి నిలబడింది.

కళింగపట్నం పేటలో ఏ ఆడదీ మొగుడి పేరు నోట పలకదు. పలికితే వాడి ఆయుష్షు తరుగుతుందని భయం. అందులోనూ దానమ్మ మొగుడు కార్తీకంలో వేటకెళ్ళి, గాలివానకు చిక్కి, మళ్ళీ రాలేదు. ఆరు నెలలైనా ఆమె గాజులు తీయలేదు.

"బావా, ఇలగ రా. ఎవులో వొచ్చినారు," అని కేక వేసింది.

మొగుడి అన్న జోగయ్య వల పక్కన పెట్టి వచ్చాడు. వచ్చినవాణ్ణి కాళ్ళనుంచి తలదాకా చూశాడు. తోలు చెప్పులు, ఖాకీ సంచి, చంకలో కాగితాల కట్ట.

ఏజెన్సీ కొండల్లో గొడవలు జరుగుతున్న రోజులవి. అంతకు నెల ముందు ఎవడో ఒకడు ఎగువ ఊళ్ళో తీయగా మాట్లాడి పేర్లు రాసుకుపోయాడు. మర్నాడు పోలీసు వ్యాను వచ్చి ఆ పేర్లవాళ్ళనే ఎక్కించుకుపోయింది. అప్పట్నుంచి కాగితం పట్టుకున్న ప్రతివాడూ పేటకు సి.ఐ.డి.యే.

"ఎవులు బాబూ నువ్వు?"

"నా పేరు నరసింగరావు. మాది విజయనగరం. వాల్తేరులో లా చదువుతున్నాను."

జోగయ్య అతని చెవుల పక్కన నెరిసిన జుట్టు చూశాడు.

"ఈ వొయసులో సదువేటి?"

"ప్లీడరు చదువు ఎప్పుడో అయింది. ఇది దాని పైది, ఎం.ఎల్. పరాయి దేశంలో చిక్కుకుపోయినవాళ్ళకీ, చెరలో ఉన్నవాళ్ళకీ ఏం హక్కులుంటాయో చెప్పే చదువు."

"సెరలో ఉన్నోడికి అక్కేటి బాబూ?" జోగయ్య నవ్వాడు గానీ అనుమానం ఇంకా ముదిరింది. "మావోలు సంద్రంలో పోనారు. సెరకీ మాకూ ఏటి సమ్మందం?"

నరసింగరావు ఏదో చెప్పబోయి ఆగాడు.

"ఇప్పుడే ఏదీ అనలేను. లేని ఆశ పెట్టిపోవడం పాపం. గాలివానలో తప్పిపోయినవాళ్ళ పేర్లు రాసుకుంటున్నానంతే. అసలు పేరే చెప్పండి. తప్పు పేరు మాత్రం వద్దు."

ఆ మాట మూడుసార్లు అన్నాడు. అదే కొంప ముంచింది. అసలు పేరు కోసం అంత ఆరాటం పోలీసుకు గాక ఇంకెవరికుంటుంది అనుకున్నాడు జోగయ్య. తమ్ముడు ఎక్కడన్నా బతికుండి తిరిగొస్తే గుమ్మంలోనే బేడీలు వేస్తారని భయపడ్డాడు. చచ్చినవాణ్ణయితే ఎవడూ పట్టుకుపోలేడు గదా అని, ఏనాడో పోయిన తండ్రి పేరు చెప్పేశాడు.

"అసిరయ్య."

దానమ్మ ఉలిక్కిపడి బావ మొహం చూసింది.

"ఒంటిమీద గుర్తులేమైనా ఉన్నాయా అమ్మా?" నరసింగరావు ఈసారి ఆమెనే అడిగాడు.

కుడిచేతిమీద చేప పచ్చబొట్టు. పెళ్ళైన ఏడాది సంతలో పొడిపించుకున్నాడు. ఆ మాట దానమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. బావ కళ్ళెర్రజేశాడు.

"ఏటీ నేవు," అంది.

అతను అదే రాసుకున్నాడు. వెళ్ళేముందు, తన అడ్రసు రాసి ఉన్న పోస్టుకార్డు ఒకటి ఆమె చేతికిచ్చాడు.

"ఏదైనా గుర్తొస్తే ఎవరిచేతనైనా రాయించి డబ్బాలో వేయండమ్మా."

అతను ఇసుకలో నాలుగడుగులు వేశాడో లేదో, "పొయ్యిలో పడీ," అన్నాడు జోగయ్య.

దానమ్మ పడేయలేదు. చూరులో దోపింది. ఎందుకు దాచిందో ఆమెకే తెలియదు.

పక్క పేటలో జగ్గమ్మ మాత్రం ఎవరెంత మొత్తుకున్నా వినక, కొడుకు ఎల్లాజీ పేరూ, వాడి పుట్టుమచ్చలూ అన్నీ చెప్పేసిందట. ఎల్లాజీ, దానమ్మ మొగుడూ ఒకే పడవలో వెళ్ళినవాళ్ళు.

"ముసల్ది నోరు కట్టుకోనేకపోనాది," అని జోగయ్య నెల్లాళ్ళు తిట్టాడు.

దసరాకు నాలుగు రోజుల ముందు ఎల్లాజీ తిరిగొచ్చాడు. సగం మనిషై, దానమ్మ వాకిట్లోకి వచ్చి కూర్చున్నాడు.

"గాలికి కొట్టుకుపోయి రంగం ఒడ్డున పడ్డాం వొదినా. కాయితాల్లేవని జైల్లో ఎట్టీసినారు. గంగులు నా పక్కనే ఉన్నాడు."

రంగం అంటే బర్మా. పేటలో సగంమంది తాతలు కూలికెళ్ళిన దేశమే. మొగుడి పేరు చెవిన పడగానే దానమ్మ ఎల్లాజీ ఎదటికొచ్చి కూర్చుంది.

"ఇండియా నుంచి జాబితా వొచ్చినాదని పేర్లు సదివినారు. నన్ను పిలిసినారు, లెగిసినాను. తరవాత కలింగపట్నం అసిరయ్య అన్నారు. ఎవులూ లెగనేదు. నాదీ కలింగపట్నమే అని గంగులు మొత్తుకున్నాడు. జాబితాలో నేని పేరు మాకొద్దన్నారు. ఆ మర్నాడే ఆడ్ని ఇంకెక్కడికో తీసుకుపోనారు."



"నా తమ్ముణ్ణి నానే ఆపీసినాను," అని గుమ్మంలో నిలబడి వింటున్న జోగయ్య తల బాదుకున్నాడు.

దానమ్మ ఏడవలేదు. చూరులోంచి కార్డు లాగి పోస్టాఫీసుకు పరుగెత్తింది. వెనకే జోగయ్య, రొప్పుతూ.

జరిగిందంతా విని పోస్టుమాస్టరు కలం తీశాడు.

"మనిషి పేరు?"

జోగయ్య చెప్పబోయాడు. దానమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"గంగులు," అంది, పదేళ్ళ కాపురంలో మొదటిసారి. "కుడిసేతి మీద సేప పచ్చబొట్టు. రాయండి బాబూ."

పదిహేను రోజులకు జవాబొచ్చింది. పోస్టుమాస్టరు చదివి వినిపించాడు.

"అమ్మా, అసలు పేరుతో మళ్ళీ రాశాను. ఆయన్ని ఎక్కడికి మార్చారో ఇంకా తెలియలేదు. తెలిసేదాకా రాస్తూనే ఉంటాను. మీ బావగారిని ఏమీ అనకండి. సంగతేమిటో ఆ రోజే విప్పి చెప్పకపోవడం నా తప్పు. మా నాన్న కూడా రంగం వెళ్ళి, యుద్ధం రోజుల్లో చెరలో చిక్కి అక్కడే ఉండిపోయాడు; ఆయన పేరేమిటని అడగడానికి మా అమ్మ దగ్గరికి ఇంతవరకూ ఎవరూ రాలేదు."