ఎడమ నోటి నత్త

కలుపు మిషన్లు ఊరూరా తిరుగుతున్న కాలమది. ఎదురైన ప్రతి ప్రాణినీ జాతి పేరుతో మర్యాదగా పలకరించి, పరాయి దేశానిదైతే చంపేసేవి.

ఆనాడు పాయకరావుపేట తమలపాకు తోటలో ఒక మిషను నత్తను తలకిందులుగా ఎత్తిపట్టింది.

"గుల్ల నోరు కుడివైపుంది. ఆఫ్రికా నత్త. ఉప్పు చల్లుతున్నాను."

కూలికొచ్చిన నూకరత్నం పరుగెత్తుకొచ్చింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి చూస్తున్న రకం నత్త అది!

"ఓసి నీ జిమ్మడిపోను! గుల్ల మొన పైకెట్టి సూడే. ఇప్పుడు నోరెటుంది?"

మిషను తిప్పి చూసింది. "ఎడమవైపు. మన నత్తే. క్షమించమ్మా."

"నన్నెందుకు, దాన్నడుగు."

మిషను నత్తకు దండం పెట్టి వదిలేసింది. అంతటితో ఊరుకుందా? తోటలోని నత్తలన్నిటినీ ఒక్కొక్కటే తిప్పి చూస్తూ కూర్చుంది. పొద్దువాలే దాకా కలుపంతా నూకరత్నమే తీసింది.